బ పక్కన మేక

మేడమ్ గారూ,
మీ ఫారంలో పదకొండో గడి ఖాళీగానే పంపుతున్నాను.
మర్చిపోయి కాదు.
పెన్ను ఆగిపోయీ కాదు. ఆ పెన్నుతోనే పై గళ్ళలో
ఇరవై ఇద్దరి బరువులూ రాశాను,
మూడు కిలోల పప్పు, పుచ్చిపోయిన అరకిలో బఠాణీ, అన్నీ.

కాఠీకుండ్ నుంచి మీ జీపు వచ్చే దారి మీకు తెలుసు.
సాల చెట్లు అయిపోయాక ఎడంచేతి వైపు మా అంగన్‌వాడీ.
గోడకి ఎర్రమట్టి పూసింది నేనే,
చేపలూ నెమళ్ళూ వేసింది పిల్లల అమ్మలు.
ఆ గోడకే మీరిచ్చిన బొమ్మల కార్డులు వేలాడదీశాను,
మీరు చెప్పినట్టే, పిల్లల కంటి ఎత్తులో.
ఆ ఎత్తు మేక మూతికీ అందుతుందని
శిక్షణలో ఎవరూ చెప్పలేదు.

మేక సంగతి తర్వాత. ముందు గడి.

బాల్హి బెస్రా. అయిదేళ్ళు. పదమూడు కిలోల రెండొందలు.
ఇప్పపూలు రాలే రోజుల్లో చీకటితోనే అమ్మ వెంట అడవికెళ్ళి
జుట్టునిండా ఆ తీపి వాసనతో వస్తుంది.
కూర్చోగానే నిద్రపోతుంది.
ఆ రోజు నిద్రపోలేదు.
కార్డు చూపించాను: మేక బొమ్మ, పక్కన ‘బ’.
ఇదేంటి తల్లీ?
‘మెరోమ్’ అంది,
చప్పున, గట్టిగా, ఇంటి మేకని కేకేసినట్టు.
మొదట ఏం చప్పుడు వచ్చింది?
పెదాలు మూసుకుంది. ఆ చప్పుడు రుచి చూసుకుంది.
‘మ్మ్’ అంది.

ఫారం అడుగుతోంది:
మొదటి ధ్వని గుర్తుపట్టిందా? అవును. కాదు.
కార్డు వెనక జవాబు అచ్చేసి ఉంది. బక్రీ. బ.
అవునంటే మీ ఫారానికి అబద్ధం,
కాదంటే ఆ పిల్ల పెదాలకి.

నాకు ఆరేళ్ళప్పుడు, బజారు బడిలో,
మాస్టారు చెంబు చూపించి ఇందులో ఏముందన్నాడు.
‘దాక్’ అన్నాను.
నీళ్ళే ఉన్నాయి, వంగి మరీ చూశాను.
బజారు పిల్లలు నవ్వారు. మాస్టారూ నవ్వాడు,
మంచివాడే, చెయ్యి ఎత్తలేదు.
ఆ తర్వాత రెండేళ్ళు నేను నోరు తెరవలేదు.
తాలామయి హాంస్దా, మందబుద్ధి, అని రాసుకున్నారు.
ఇప్పటికీ దాహమేస్తే
నా నోట్లో రెండు మాటలు గుమ్మం దగ్గర
ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

సరే, మేక.
మంగళవారం నేను కిచిడీ దించుతుంటే
లొబిన్ వాళ్ళ మేక లోపలికొచ్చింది.
అన్ని కార్డుల్లోకీ ‘బ’ కార్డే దానికి నచ్చింది,
మూల నుంచి మొదలుపెట్టి నిదానంగా నమిలింది.
నేను గరిటెతో పరిగెత్తాను,
పిల్లలు కదల్లేదు, పడీపడీ నవ్వారు.
‘తనని తానే తింటోంది!’ అన్నాడు లొబిన్.

మిగిలినవి లెక్కపెట్టండర్రా అన్నాను.
మిత్, బార్, పె, పొన్...
పలక మీద అంకె చూస్తే తల దించుకునే పిల్లలు
‘ఆరె’ దగ్గర ఆగారు. తొమ్మిది.
నిన్న పది ఉండాలి కదా,
ఒకటి మేక కడుపులో ఉందన్నారు.
తీసివేత అనే మాట నేను ఎత్తనే లేదు.

ఖాళీ అయిన చోట, గోడ మీద,
బాల్హి బొగ్గుతో మేకని గీసింది.
మీ కార్డు మేకకి పొదుగు లేదు, దీనికి ఉంది,
నేలకి తగిలేంత, కింద రెండు పిల్లలు.
గీసి, బొగ్గు నా చేతికిచ్చి నిలబడింది,
పక్కన అక్షరం రాయమని.

‘మ’ రాశాను, మేడమ్.
బ కూడా రాస్తాను, వానలు పడ్డాక,
ఆ మాట వీళ్ళ ఇంటికి చుట్టంలా
నాలుగుసార్లు వచ్చి వెళ్ళాక.
చుట్టాన్ని చూసి ఎవరూ దాక్కోకూడదు కదా.

కార్డు ఖరీదు నా జీతంలో కోసుకోండి.
పోయిన వస్తువుల రిజిస్టర్లో
కారణం అన్నచోట మీ భాషలోనే,
ఒక్క తప్పు లేకుండా రాశాను:
బక్రీ.